రెండు రోజుల నీళ్లు

నలభై దాటాక భుజాన సంచి తగిలించుకుని తిరగడం మొదలుపెట్టాను. ఉద్యోగం శ్రీకాకుళంలో. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, మా ఆఫీసులోనే పనిచేసే స్నేహితురాలితో ఎటో ఒకవైపు బయల్దేరేదాన్ని. మాకు మేమే నియమాలు పెట్టుకున్నాం. ప్లాస్టిక్ బాటిల్ కొనకూడదు. మా చెత్త మాతోనే వెనక్కి రావాలి. సబ్బు కూడా నేలకీ నీటికీ హాని చెయ్యనిదే వాడాలి. దారిలో చిప్స్ కవర్లు విసిరేసేవాళ్లు కనబడితే, మేం అలాంటివాళ్లం కాదని లోలోపల సంతోషపడేవాళ్లం.

మొన్న ఫిబ్రవరిలో కళింగపట్నం నుంచి ఉత్తరంగా తీరం వెంట నడిచాం. ఇసుకలో నడక ఒంట్లో ఉన్న సత్తువంతా పీల్చేస్తుంది. మధ్యాహ్నానికే స్నేహితురాలి మడమలు బొబ్బలెక్కాయి. నా మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. పొద్దు వాలుతుండగా ఒక మత్స్యకారుల ఊరు చేరాం. ఎండబెట్టిన చేపలు గంపలోకి ఎత్తుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి ఆగింది. యాభై ఏళ్లుంటాయేమో.

"ఏటమ్మా, అలాగ కుంటతన్నారు? ఎందాకా ఎల్లాల?"

ఈ పూటకి పడుకోవడానికి చోటు కావాలన్నాం.

"మా ఇంటికి రండి. మా ఆయన గుజరాత్ బోట్ల మీద పనికి ఎల్లిపోనాడు. ఒక్కదాన్నే ఉన్నాను."

ఇంట్లోకి వెళ్లగానే అలమరలోంచి సీలు తియ్యని నీళ్ల బాటిళ్లు రెండు తెచ్చి మా ముందు పెట్టింది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఇవి వద్దక్కా" అని నేను మొదలుపెట్టాను. ఆ ప్లాస్టిక్ అంతా చివరికి సముద్రంలోకే పోతుందని, చేపల కడుపుల్లో చేరుతుందని, రోజూ సముద్రం ముందే లేచే మనిషికి చాలాసేపు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"కిందటేడు మీలాగే సంచీలేసుకుని నలుగురొచ్చినారు. కుండలో నీలు ముట్టనేదు. అందుకని ఎవులైనా వస్తే ఉంటాయని ఇవి తెచ్చి పెట్టినాను. ఆలు కుండ నీలు ఒద్దన్నారు, మీరు బాటిలొద్దంతన్నారు. మరి మేమేటి సెయ్యాల, సెల్లీ?"

ముగ్గురం నవ్వుకున్నాం. మా నాలుగు స్టీలు సీసాలూ ఆవిడ కుండలోంచే నింపుకున్నాం. ఆ తర్వాత పెరట్లో ఉన్న డ్రమ్ము దగ్గర స్నానాలు చేశాం. తలల్లో ఇసుక పోయేదాకా పోసుకున్నాం. ఉప్పు పట్టిన బట్టలు ఉతుక్కున్నాం, బూట్లు కడుక్కున్నాం. మా మంచి సబ్బు సరిగ్గా నురగ రాదు, అందుకని ఇంకో రెండు చెంబులు ఎక్కువే పట్టాయి. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని పులుసు కాస్తూ ఒకట్రెండు సార్లు ఇటు చూసింది.

తెల్లవారుతూనే బిందెల చప్పుడుకి మెలకువ వచ్చింది. బయటికి వెళ్లి చూస్తే డ్రమ్ము అడుగు కనబడుతోంది. ఆవిడ రెండు బిందెలతో గుమ్మం దిగుతోంది.

"అక్కా, ఇక్కడ నుయ్యి లేదా?"

"ఉన్నాది. ఉప్పునీలు. మంచినీలు కావాలంటే జీడితోటల కాడ బోరింగుకి ఎల్లాల. రెండు దినాలికని డ్రమ్ము నింపుకున్నాను, అయిపోనాయి."

"రాత్రే ఒక్క మాట చెప్పకపోయావా?"

"అలిసిపోయి వచ్చినారు, ఒల్లంతా ఉప్పే. పోసుకోనీ అని ఊరుకున్నాను."

నేను ఒక బిందె అందుకున్నాను. వద్దంటూనే ఇచ్చింది. బోరింగు దాకా ఇసుక దిబ్బల మీదే దారి. వచ్చేటప్పుడు పాదం దిగబడ్డ ప్రతిసారీ నీళ్లు తొణికి నా నడుం తడిసింది. ఇంటికి చేరేసరికి బిందెలో సగమే మిగిలాయి. తన బిందెలోంచి ఒక్క చుక్క కూడా ఒలికినట్టు లేదు. స్నేహితురాలు బొబ్బల కాళ్లతో గుమ్మంలో కూర్చుని మా ఇద్దరినీ చూస్తూ ఏడుపు మొహం పెట్టింది. మూడు సార్లు తిరిగాం. డ్రమ్ము సగం కూడా నిండలేదు. ఈలోగా ఆవిడ రోజూ సంతకి వెళ్లే తొలి ఆటో వెళ్లిపోయింది. చేపలకి ఆ వేళే బేరమట. అదీ మేం అడిగితేనే చెప్పింది.

ఇక ముందుకు నడవాలనిపించలేదు మాకు. రెండో ఆటోలో ఆవిడతోపాటే ఎక్కాం. క్షమించమని అడగాలని దారంతా మాటలు వెతుక్కున్నాను. ఏ మాట అనుకున్నా నా మనసు తేలికపడటానికే అన్నట్టు తోచింది. చివరికి "అక్కా" అని తిరిగి చూసేసరికి ఆవిడ తల నా భుజానికి వాలి ఉంది. నిద్రపోయింది. ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా ఆవిడ ఒళ్లోని చేపల గంప జారబోతోంది. సంత వచ్చేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.