నీళ్ళు చెప్పేదాకా

మా ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన అటెండరు గారు పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నా చేతులు మోచేతుల దాకా నీళ్ళలో ఉన్నాయి. స్పీకర్ పెట్టుకుని విన్నాను. "నాన్న పొద్దున్న టీ తాగుతూ అలాగే ఒరిగిపోయారండి. నాలుగింటికి తీసుకెళ్తారండి" అంది. నా ముందు తొట్టిలో గాలి నింపిన పంది కడుపు ఒకటి మునిగి ఉంది. దాని పరీక్ష ఇంకా సగంలోనే ఉంది.

ఇదేం పని అనుకుంటారేమో, చెప్తాను. కడుపులో కణితి ఉంటే ఇప్పుడు పైనుంచి పొట్ట కొయ్యకుండా, నోట్లోంచి ఎండోస్కోప్ గొట్టం దింపి లోపలే కోసి తీస్తున్నారు. కోయడం ఒక ఎత్తు, ఆ కోతను లోపలినుంచే మూయడం ఒక ఎత్తు. సరిగా మూయకపోతే కడుపులోది బయటికి కారి ప్రాణం మీదికి వస్తుంది. అలా మూసే క్లిప్పులను మనుషుల దాకా వెళ్ళకముందే కాకినాడలోని మా చిన్న ల్యాబ్‌లో పరీక్షిస్తాం. మాంసం కొట్టు నుంచి పంది కడుపు తెచ్చి, కోసి, క్లిప్పు వేసి, రెండు చివర్లూ కట్టి, నీళ్ళలో ముంచి గాలి కొడతాం. సైకిల్ ట్యూబుకి పంక్చరు చూసినట్టే. బుడగ వస్తే ఫెయిల్. ఐదు నిమిషాలు రాకపోతే పాస్ అని మా కాగితంలో ఉంది.

ఆయనది సముద్రం ఒడ్డునున్న ఉప్పాడ. చిన్నప్పటి నుంచీ వలలు బాగుచేసిన చేతులు. నేను చేరిన మొదటి నెలలో ప్రతి కడుపూ కారుతోందని, తప్పంతా క్లిప్పుదేనని మూడు రోజులు రాసుకున్నాను. ఆయన చూసి చూసి, "మేడమ్, మీరు తిడుతున్నది క్లిప్పునండి, కారుతున్నది మీ ముడండి" అన్నారు. ఆ మధ్యాహ్నం తడిసేకొద్దీ బిగుసుకునే వల ముడి నేర్పారు. సిగ్గుపడుతూనే నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే వేస్తాను.

పరీక్ష మొదలవగానే లేచి ఫ్యాన్ ఆపేసేవారు. మే నెలైనా సరే. "గాలికి నీళ్ళు కదిలితే చిన్న బుడగ కనపడదండి" అని తువ్వాలు భుజాన వేసుకుని ఎత్తు స్టూలు మీద కూర్చునేవారు. ఐదు నిమిషాలు అయ్యాక నేను పెన్ను తీస్తే, "ఉండండి, నీళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు కదండి" అనేవారు. పదిహేను నిమిషాలు కదలనిచ్చేవారు కాదు. చెమటకి నా చొక్కా వీపుకి అంటుకుపోయేది. లోపల తిట్టుకునేదాన్ని.

ఒకసారి పైకే అనేశాను. "కాగితంలో ఐదే ఉంది బాబాయ్ గారూ. మనకెందుకండీ ఈ చాకిరీ?"

"ఐదు నిమిషాలు కాగితానికండి. పేషెంటు ఇంటికెళ్ళి అన్నం తినాలి కదండి." నీళ్ళ మీంచి చూపు తిప్పకుండానే అన్నారు. "మా ఇంటి గోడకి ముందు అరచెయ్యంత తడి మరక వచ్చిందండి. వానదిలే అనుకున్నాం. రెండేళ్ళకి ఆ గోడ సముద్రంలో ఉందండి."

ఆ రోజే పన్నెండో నిమిషంలో బుడగ వచ్చింది. క్లిప్పు డిజైను మళ్ళీ గీయించి, మళ్ళీ చేయించి, మొదటికి వచ్చాం. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ నా టేబుల్ మీద టీ పెట్టి వెళ్ళేవారు. ఆ టీ నేను తాగకుండా వదిలేసిన రోజులు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఆయన రిటైరై రెండేళ్ళయింది. అప్పటినుంచి మా ల్యాబ్‌లో ఫ్యాన్ ఆగలేదు. ఐదు నిమిషాలకే రాసేస్తున్నాను. నేను అలిసిపోయాను. ఎవరూ తప్పనలేదు, కాగితం ప్రకారం తప్పూ లేదు. ఫోన్ వచ్చిన రోజు కూడా ఐదు నిమిషాలు చూసి, పాస్ అని రాసి, చేతులు కడుక్కుని ఉప్పాడ బయల్దేరాను.

అంతా అయ్యాక ఆయన కూతురు నన్ను పక్కకి పిలిచింది. "టీవీలో ఆసుపత్రి వార్త వస్తే చాలండి, మేడమ్ గారి క్లిప్పులు మనుషులకి వేయడం మొదలెట్టారేమో కనుక్కో అనేవారండి. వేస్తే వాళ్ళు అన్నం తింటున్నారో లేదో అడగమనేవారు. వేశారాండీ?"

"ఇంకా లేదమ్మా. నా సంతకం అయితే వెళ్తాయి" అన్నాను. ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళాను. సంతకం కోసం రిపోర్టు టేబుల్ మీదే ఉంది. కొత్త కడుపు తెప్పించాను. కోసి, అదే రకం క్లిప్పు వేసి, ఆయన ముడే కట్టి, నీళ్ళలో దింపాను. ఫ్యాన్ ఆపి, ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఐదు నిమిషాలు అయ్యాయి. పదీ అయ్యాయి. నీళ్ళు కదలలేదు. ఒళ్ళంతా చెమట. మీ దగ్గర ఉన్నంతసేపూ విసుక్కున్నాను బాబాయ్ గారూ, ఈ ఒక్కసారి విసుక్కోను అనుకున్నాను.

పద్నాలుగో నిమిషంలో క్లిప్పు కింది అంచున ఆవగింజంత బుడగ పుట్టింది. కాసేపు అక్కడే అంటుకుని ఉండి, నెమ్మదిగా పైకి వచ్చి పగిలింది.

రిపోర్టు చించేశాను. ఈ రెండేళ్ళలో పాస్ రాసిన ఫైళ్ళన్నీ బీరువాలో ఉన్నాయి. తడి చేత్తోనే మొదటిది తీసి స్టూలు పక్కన పెట్టుకున్నాను. ఫ్యాన్ వేయలేదు.