బావ విడదీసిన సీటు

పోయిన నెల ఒక పొద్దున విరుదునగర్ నుంచి ఫోను వచ్చింది. మా బావ పోయాడని. బావ అంటే నా భార్యకు సొంత అన్న, కార్ల సీట్లు కుట్టే పనివాడు. కొట్టు ముందర టీ తాగుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. జీవితమంతా పరాయివాళ్లు సుఖంగా కూర్చోవాలని పాటుపడ్డ మనిషి, తానూ కూర్చునే పోయాడు. ఈ కబురు నా భార్యకు ఎలా చెప్పాలో తెలియక వాకిట్లో కారు చుట్టూ రెండుసార్లు తిరిగాను.

మీరెవరూ ఆయన్ని ఎరగరు. ఎరిగి ఉంటే, మిమ్మల్ని పలకరించే ముందు మీ కుర్చీని పలకరించేవాడు. అరచేత్తో నొక్కి చూసి, పెదవి విరిచి, ఆ తర్వాతే “బాగుండారా?” అనేవాడు. చొక్కా కాలరులో ఎప్పుడూ ఒక వంపు సూది గుచ్చి ఉండేది. మా పెళ్లిలో పట్టుచొక్కాకు కూడా అది ఉంది. నన్ను వాటేసుకున్నప్పుడు మెడకు గుచ్చుకుంది. చెల్లెలి మొగుణ్ణి మావైపు మాప్పిళ్ళ అంటారు. “మనుషులు దాస్తారు మాప్పిళ్ళ, సీటుకు దాచను చేతకాదు,” అనేవాడు. సీటు ఎటు కుంగిందో చూసి, ఆ డ్రైవరుకు ఏ పక్క నడుం నొప్పో చెప్పేసేవాడు.

నేను పొట్టివాణ్ణి. ఈ ముక్క ఇంత తేలిగ్గా రాయడానికి నాకు యాభై ఏళ్లు దాటవలసి వచ్చింది కాబోలు. నా భార్య నాకంటే జానెడు పొడుగు. పెళ్లిఫోటోలో ఆమెను ఒక మెట్టు కింద నిలబెట్టారు. కోవిల్‌పట్టిలో మాకు చిన్న అగ్గిపెట్టెల కంపెనీ ఉండేది. దానితోపాటు నాయన వాడిన పాత అంబాసిడర్ కారు కూడా నాకు వచ్చింది. ముందువైపు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పొడుగాటి సీటు. నా కాలు బ్రేకుకు అందాలంటే దాన్ని చివరి గాడి దాకా ముందుకు లాగాలి. సీటు ఒక్కటే కాబట్టి పక్కన కూర్చున్నవాళ్లు కూడా నాతోపాటు ముందుకు రావలసిందే.

పెళ్లయిన కొత్తలో నేను ఏళాయిరంపన్నై పోతున్నానన్నా, పుదూరు పోతున్నానన్నా నా భార్య పక్కన కూర్చుని వచ్చేది. తొంభైలు సగం గడిచేసరికి మానేసింది. “మీరు పోయి రాండి, నాకు పనుండాది,” అనేది. నరికుడిలో వాళ్లమ్మకు జబ్బు చేసినప్పుడు, ఇంట్లో కారు పెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లింది. నాకు తల కొట్టేసినట్టయింది. పొట్టి మొగుడి పక్కన కూర్చుని నలుగురిలో దిగడం ఆమెకు నామోషీ అని తీర్మానించుకున్నాను. ఎవరితో చెప్పుకోను? చెప్పుకునే మాటా అది? ఆమెతో మాటలు తగ్గించాను. రెండేళ్లు అలాగే కాపురం చేశాం.

అప్పుడే సీటు స్ప్రింగులు పొడుచుకొచ్చి, కారును బావ దగ్గరికి తోలుకెళ్లాను. ఆయన సీటు ఊడదీసి బయటపెట్టి, లోపలికి తొంగిచూశాడు. డాష్‌బోర్డు కింద సామాను పెట్టుకునే అర ఉంటుంది. ఎడమపక్క దాని అంచు రెండుచోట్ల అరిగి నున్నగా మెరుస్తోంది. బావ దాన్ని బొటనవేలితో తడిమాడు.

“ఈ పక్క ఎవరు కూచునేది మాప్పిళ్ళ?”

“మీ చెల్లెలే. ఆమెకు మనసైతే,” అన్నాను వెటకారంగా.

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. మా వాళ్లలో ఆడపిల్లనిచ్చిన ఇంటివాడు అల్లుడి తప్పు నోటితో ఎత్తడు. చెల్లెలు ఏడుస్తూ వచ్చినా అన్నం పెట్టి, వెంట తీసుకొచ్చి దిగబెట్టి పోతాడు. “నాలుగు దినాలు బండి ఈడే ఉండనీండి. వచ్చేటప్పుడు చెల్లెల్ని పిల్చుకోని రాండి,” అన్నాడు.

నాలుగో రోజు ఇద్దరం బస్సులో వెళ్లాం. కారు తలుపు తీసి చూస్తే నాయన సీటు లేదు. తుక్కు దుకాణంలో పడున్న ఏదో కారువి రెండు విడి సీట్లు తెచ్చి, నేల ఎగుడుదిగుడుకు సరిపడా ఇనుప పట్టీలు వెల్డింగు చేయించి బిగించాడు. కొత్త రెక్సిన్ తొడిగాడు. రెంటి మధ్య ఖాళీ.

“ఎవర్ని అడిగి చేసినావు? మా నాయన సీటు అది. ఆలుమొగుళ్ల నడిమధ్య గోడ కట్టినావే,” అని వీధిలోనే అరిచాను. చుట్టుపక్కల మెకానిక్కులు పని ఆపి చూశారు. బావ ముఖం చిన్నబోయింది. కాలరులోని సూదిని తీసి మళ్లీ అక్కడే గుచ్చుకున్నాడు.

“రొంబ కోపం వద్దు మాప్పిళ్ళ. మీ సీటు మీరు జరుపుకోండి. ఆమెది ఆమె జరుపుకుంటది. నేను చేసింది అంతే.”

నా భార్య ఎడమ సీట్లో కూర్చుంది. కింద మీట ఎక్కడుందో అన్న చూపించాడు. లాగింది. సీటు గరగరమని వెనక్కి పోయింది. ఆమె కాళ్లు చాపింది. ఆ కారులో ఆమె కాళ్లు చాపడం నేను చూడడం అదే మొదలు. అప్పుడు అర్థమయ్యాయి నాకు, అంచు మీద అరిగిన ఆ రెండు చోట్లు. అవి ఆమె మోకాళ్లు అరగదీసినవి.

అక్కడి నుంచి, ఆమె అడక్కముందే, నేరుగా నరికుడి వైపు పోనిచ్చాను.

“ఇన్నాళ్లూ చెప్పొచ్చు కదే?”

“చెప్తే సీటు ఎనక్కి జరుపుతారు. అప్పుడు మీరు ఈపు ఎనక దిండు పెట్టుకోని తోలాల. చూసినోళ్లు నగుతారు. మీకు రోసం. నాదేముంది, బస్సు ఉండాది గద.”

కళ్లు నిండి రోడ్డు కనపడక బండి పక్కకు ఆపాను. ఆమెకు నామోషీ అనుకుంటూ నేను ముఖం ముడుచుకున్న రెండేళ్లూ, నాకు నామోషీ కాకూడదని ఆమె బస్సుల్లో నిలబడి తిరిగింది.

కొన్నేళ్లకు నా సీటు చిరిగితే కోవిల్‌పట్టిలోనే ఎవరితోనో విప్పించాను. అడుగున రెండు వేళ్ల మందం కొబ్బరిపీచు ఎక్కువ పెట్టి ఉంది. ఆమె సీటులో అది లేదు. నాకు రోడ్డు బాగా కనపడాలని నన్ను కాస్త లేపి కూర్చోబెట్టాడు, ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ గోడ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నాయన సీటుకు కొయ్యకాళ్లు బిగించి కొట్టు ముందర వేసుకున్నాడు. నేను వెళ్లినప్పుడల్లా దాన్ని తుండుతో దులిపి “కూచోండి మాప్పిళ్ళ” అనేవాడు. బిగుసుకుని నిలబడే మాట్లాడి వచ్చేవాణ్ణి. క్షమించమని అడగడానికి ఏ ఏటికా ఏడు వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. బుద్ధి లేక.

ఆయన చివరి టీ తాగింది ఆ సీటు మీదే. బావను సాగనంపి అందరూ వెళ్లిపోయాక, మూసిన కొట్టు ముందర అది ఖాళీగా ఉంది. పాత రెక్సినే. చిరిగినచోట్ల మాత్రం కనీకనిపించని కుట్లు. “దాని మీద కాళ్లు పెట్టనిచ్చేవాడు కాదు. మాప్పిళ్ళ వాళ్ల నాయనది అనేవాడు,” అన్నాడు పక్కకొట్టు మెకానిక్కు.

నా భార్య పోయి ఒక పక్కగా కూర్చుంది. పైటకొంగుతో నా కోసం పక్కన దుమ్ము దులిపింది. వెళ్లి ఆమెను ఆనుకుని కూర్చున్నాను. ముందర డాష్‌బోర్డు లేదు. ఆమె కాళ్లు రోడ్డువైపు చాపుకుంది. నా కాళ్లు నేలకు అందలేదు. ఎవరైనా చూస్తున్నారేమో అని నేను అటూ ఇటూ చూడలేదు.