శాంతమ్మ ఇంటివైపు హారన్

కరోనా ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన రెండో క్రిస్మస్ అది. ప్రత్తిపాడు పక్కనే ఉన్న మా ఊళ్లో నాకు మైకు సెట్టు షాపు ఉంది. ఐదో తరగతితో బడి మానేసి, పాడైన రేడియోలు విప్పుకుంటూ, మళ్లీ బిగించుకుంటూ ఈ పని నేర్చుకున్నవాణ్ణి. పెళ్లికైనా, ఎన్నికలకైనా, వినాయక చవితికైనా, చావుకైనా నా సెట్టే. ఈ వయసులో మిగతావాటికి మనుషుల్ని పంపుతాను గానీ, మా చర్చి క్యారల్స్‌కి మాత్రం నేనే వెళ్తాను.

క్యారల్స్ అంటే క్రిస్మస్‌కి ముందు పొద్దువాలాక సంఘమంతా పాడుకుంటూ ఇంటింటికీ వెళ్లడం. గుమ్మంలో ఒకటో రెండో పాటలు, ఒక ప్రార్థన, ఇంటివాళ్లు పెట్టే టీ, పిండివంటలు. వెనకే ట్రాలీ ఆటోలో నా యాంప్లిఫయర్ వస్తుంది, చిన్న గొంతుని పెద్దది చేసే పెట్టె అది. ఆటో పైన తాళ్లతో కట్టిన హారన్ ఉంటుంది. ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న రేకు స్పీకరు మీరు చూసే ఉంటారు. దాని నోరు ఎటుంటే పాట అటే పోతుంది. వెనక నుంచున్నవాడికి సగం కూడా అందదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. చావు జరిగి ఏడాది తిరగని ఇంటికి పండగ లేదు. ఆ ఇంటికి క్రిస్మస్ స్టార్ దీపం కట్టరు. క్యారల్స్ ఆ గుమ్మంలో ఆగవు. ఆగకపోవడంతో సరిపెట్టరు, నాలుగిళ్ల ముందే పాట ఆపి, మైకు కట్టేసి, హారన్ నోరు అవతలికి తిప్పించి, తలలు వంచుకుని దాటిపోతారు. దాటాక మళ్లీ డోలక్ మోగుతుంది. దాన్ని మర్యాద అంటారు! బైబిల్లో ఎక్కడుందో చూపించమని వచ్చిన ప్రతి పాస్టరునీ అడిగాను. ఒక్కరూ చూపించలేదు. "పెద్దలు పెట్టింది" అంటారు. ఏ పెద్దలు? బతికున్న పెద్దల్లో నేనూ ఒకణ్ణేగా, నన్నెవరూ అడగలేదే?

ఆ ఏడు వానాకాలంలో ఏసోబు గుండె ఆగి పోయాడు. నాకు వరసకి తమ్ముడు. క్యారల్స్‌లో డోలక్ అతనిదే. పిల్లలు లేరు, భార్య శాంతమ్మ ఒక్కతే మిగిలింది. చెప్పుకోవాలంటే మామూలు రోజుల్లో పేట ఆమెకి ఏం తక్కువ చెయ్యలేదు. కూరలిచ్చారు, పత్తి తీతకి తోడు తీసుకెళ్లారు. డిసెంబరు రాగానే మాత్రం ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆమె ఎదురైతే కొత్తబట్టల కవరు కొంగుచాటుకి పోయేది. అరిసెల కబుర్లు సగంలో ఆగిపోయేవి. "పాపం, మనల్ని చూస్తే ఏడుస్తుంది" అనేవాళ్లు. ఏడిస్తే పక్కన కూర్చోలేరా? చేతులు పడిపోయాయా?

క్యారల్స్ ముందురోజు సాయంత్రం పత్తి చేలోంచి వస్తూ శాంతమ్మ నా షాపు దగ్గర ఆగింది. జుట్టులో ఇంకా దూది అంటుకునే ఉంది.

"బావగారూ, రేపు మా బజారుకి వస్తారుగా?"

"వస్తాం తల్లీ."

"మా ఇంటి దగ్గర మైకు కట్టేస్తారుగా."

నేను వైరుకి ఇంకో చుక్క టంకం పెట్టాను.

"ఆగమని అడగనులెండి. బజారు మూలమీద పాడేటప్పుడు హారన్ నోరు కాస్త మా ఇంటివైపు తిప్పండి. లోపల కూర్చుని వింటాను."

"పాట వింటే ఏడుపొస్తుందేమోనమ్మా."

"వినకపోతే రావట్లేదా ఏంటండీ?" అని నవ్వింది. "పొద్దుగూకి తలుపేసుకున్నాక నాతో మాట్లాడేది ఆ ప్రభువొక్కడే. కంచం ముందు కూర్చుని ప్రార్థన చేసుకుంటే ఎదురుగా ఇంకో మనిషి ఉన్నట్టే ఉంటుంది. ఆ ధైర్యంతోనే నాలుగు మెతుకులు దిగుతున్నాయి. ఆయన పుట్టినప్పుడు సత్రంలో చోటు లేదన్నారంట. మా ఇంట్లో బోలెడు చోటుంది బావగారూ, మనవాళ్లే ఆయన పాటని రానివ్వట్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు.

మర్నాడు ఆ వీధి మూలమీదకి రాగానే ఆటో ఎక్కి తాడు వదులు చేశాను. స్టార్ లేని ఆ చీకటి ఇంటివైపు హారన్ తిప్పి కట్టాను. సంఘపెద్ద దావీదు పరుగున వచ్చాడు. నా ఈడువాడే, చిన్నప్పుడు ఇద్దరం కలిసి ఈత కొట్టినవాళ్లం.

"ఏరా యోహానూ, అటు తిప్పుతావేంట్రా? ఏసోబు ఇల్లు అది!"

"తెలుసు. అందుకే తిప్పా."

"మతుండే చేస్తున్నావా? ఏడాది తిరగలేదు!"

"ఏడాది తిరిగేదాకా ప్రభువు కూడా ఆ గుమ్మం తొక్కకూడదా? ఆయనకి చెప్పొచ్చావా ఆ సంగతి?"

వెనక ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. దావీదు మొహం ఎర్రబడింది. "నువ్వు మైకు పెట్టేవాడివి. మైకు పెట్టు చాలు, వాక్యం చెప్పకు!"

కుర్ర పాస్టరు ఇద్దరి మధ్యకి వచ్చి, "పెద్దలు కాస్త నెమ్మదించండి, చూద్దాం, ఆలోచిద్దాం" అన్నాడు. ఏం ఆలోచిస్తారండీ? మనిషి తలుపు వెనక చెవి పెట్టుకుని కూర్చుని ఉంది!

"ముందు పాడమనండి పాస్టరు గారూ" అన్నాను. ఒక్కరూ పాడలేదు. అంతమంది నోళ్లున్నాయి, డోలక్ ఉంది, తాళాలున్నాయి. హారన్‌లోంచి బ్యాటరీ గుర్రు తప్ప ఏమీ వెళ్లలేదు ఆమె దగ్గరికి.

అప్పుడు తలుపు తెరుచుకుంది. శాంతమ్మ నేరుగా ఆటో దగ్గరికి నడిచొచ్చింది.

"దావీదు మావయ్యా, మీరు నా మీద జాలితోనే చేస్తున్నారని నాకు తెలుసు. ఆ జాలి నాకొద్దు. పాట కావాలి. మీరు పాడకపోతే నేనే పాడుకుంటాను."

పాస్టరు చేతిలోంచి మైకు తీసుకుంది. నోరు తెరిచిందో లేదో, కుయ్యిమని చెవులు చిల్లులుపడే మోత. దావీదు చెయ్యెత్తి, "చూశారా! దేవుడికే ఇష్టం లేదు!" అన్నాడు.

"ఒరేయ్, దేవుడు కాదురా, హౌలింగ్ రా అది!" అని అరిచాను. హారన్‌కి ఎదురుగా మైకు పట్టుకుంటే, వచ్చిన శబ్దమే మళ్లీ మైకులో దూరి తిరిగి తిరిగి కేక పెడుతుంది. మా పనిలో రోజూ ఉండేదే. నా హారన్ కేకని కూడా దేవుడి నెత్తిన రుద్దేశాడు ఆ పెద్దమనిషి!

"ఏం చెయ్యాలి బావగారూ?" అంది శాంతమ్మ.

"నువ్వు హారన్ నోటికి వెనకపక్క ఉండాలమ్మా. దాన్ని అవతలికి తిప్పాలి."

"అయితే ఊరివైపు తిప్పండి."

తిప్పాను. పాడింది. డోలక్ లేదు, తాళం లేదు. పేట దాటి, మిరపచేలు దాటి పోయింది ఆ గొంతు. రెండో చరణంలో పాట ఆగింది. అప్పుడు వెనకనుంచి ఎవరో ఒకావిడ అందుకుంది, తర్వాత ఇంకొకావిడ, ఆ తర్వాత అందరూ. దావీదు పాడలేదు. కానీ ఆమె అందర్నీ ప్రార్థనకి రమ్మంటే చెప్పులు విడిచి వాకిట్లోకి వచ్చాడు. అంతవరకూ ఒప్పుకుంటాను.

ప్రార్థన అయ్యాక శాంతమ్మ లోపలికెళ్లి, గుడ్డ కప్పిన పెద్ద గిన్నె తెచ్చింది. దాన్నిండా జంతికలు. నన్ను అడిగింది హారన్ తిప్పమని మాత్రమే. ఎవరూ ఆగరని తెలుసు ఆమెకి. తెలిసి కూడా సంఘమంతటికీ సరిపడా వండి కూర్చుంది. తిని వెళ్లండని దావీదు దోసిలి నింపింది ముందు.

ఆ గిన్నె చూసినప్పుడు వచ్చినంత కోపం నాకు ఇంతవరకూ ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్లుగా మైకు కట్టేసి, తలలు వంచుకుని దాటొచ్చిన గుమ్మాల వెనక ఇలాంటి గిన్నెలు ఎన్ని మూత తియ్యకుండా ఉండిపోయాయో! మనం మర్యాద చేస్తున్నామనుకున్నాం. ఒక్కళ్లమైనా తలుపు తట్టి "అమ్మా, పాడమంటావా, వద్దా?" అని అడగలేదు. వద్దంటే వెళ్లిపోయేవాళ్లం, పోయేదేముంది?

ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో పెద్దది అదే. ఇప్పుడు క్యారల్స్‌కి సెట్టు మాట్లాడుకోవడానికి ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: "ఈ ఏడు చావు జరిగిన ఇళ్లేవి?" దాటిపోవడానికే అడుగుతున్నాననుకుని చెబుతారు. ఆటో మొదట అక్కడికే పోనిస్తాను. దిగి, తలుపు తట్టి, అడుగుతాను. ఇష్టంలేనివాళ్లు వేరే సెట్టు చూసుకోవచ్చు.