వరలక్ష్మి తరువాత నా పేరు

గత మాసం అమలాపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో నా వీపు మీది కొవ్వుగడ్డను కోసి తీసివేశారు. ప్రాణానికి ముప్పు లేని పని. నేను మెలకువగా ఉండగానే, ఆ చోటును మాత్రం మొద్దుబార్చి, కాసేపట్లో ముగించారు. మర్నాడు కట్టు మార్చడానికి వచ్చిన నర్సు ముదురు గోధుమరంగు మందుసీసా మూత తీయగానే, ఆ వాసన తగిలీ తగలకముందే నేను పెదవులు బిగించుకున్నాను. "మంటెడుతుందాండీ మేడమ్‌గారూ?" అని ఆ అమ్మాయి చెయ్యి ఆపింది. మంట లేదు. నా నోటి మీద ఎవరిదో అరచెయ్యి ఆనినట్టయింది, అంతే. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. జీవితమంతా పాఠశాలల్లో గడిపి, పిల్లలచేత హాజరు పలికించి, వరుస తప్పిన దేనినీ సహించని దానను నేను. ఈ ఒక్క సంగతినీ వరుసగా చెప్పగలనో లేదో చూద్దామని రాస్తున్నాను.

మా ఊరు ఉప్పలగుప్తానికి దిగువన, సముద్రపు గాలి కొబ్బరి మట్టలను పగలంతా చప్పుడు చేయిస్తూ ఉండే చోట. మాఘమాసం రాగానే, రెండో పంట దాళ్వా నాట్లు ముగిసి, మడులలో నీరు అద్దంలా నిలిచి, మామిడిపూత వగరు వాసన పెరళ్లన్నింటా పరచుకున్న ఆ రోజుల్లో, మా వీధి నుంచి అంతర్వేది తీర్థానికి గూడుబళ్ల బారు కదిలేది. ముందు బండి మా తాతగారిది. ఆ వెనుక మా బంధువులవీ ఇరుగుపొరుగువారివీ. బియ్యపు మూటలు, కంద, పనసకాయలు, దబ్బకాయ ఊరగాయ జాడీలు, డబ్బాల నిండా జంతికలు, కొబ్బరి లౌజు. అన్నిటి అడుగునా ఎండుగడ్డి, గడ్డి మీద బొంతలు, బొంతల మీద పిల్లలం. మధ్యాహ్నం ఏదో ఒక కొబ్బరితోటలో బళ్లు విప్పి, మూడు ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టి, పనసపొట్టు కూర ఆవపెట్టి వండితే, ఆవ ఘాటూ తడి మట్టల పొగా ముక్కుకు ఒకేసారి ఎక్కేవి. పిల్లలం గచ్చకాయలు ఆడుతూ, ఎడ్ల మెడగంటలు మళ్లీ మోగేదాకా కాలం మరిచిపోయేవాళ్లం.

దారిలో వైనతేయం దాటాలి. ఇప్పటిలా వంతెన లేదు. బోడసకుర్రు రేవులో రెండు నావలను జోడించి పైన బల్లలు పరిచిన పంటు మీదికి ఎడ్లను విప్పి తోలి, బళ్లను మనుషులే చేతులతో నెట్టి ఎక్కించేవారు. ఆ హడావిడిలో ఏ పిల్ల ఏ బండి గూటిలో నిద్రపోతున్నదో, ఏది ఒడ్డున గవ్వలేరుకుంటూ నిలిచిపోయిందో కంటికి తెలియదు. అందుకని మా తాతగారు ఒక నియమం పెట్టారు. బళ్లన్నీ ఎక్కిన తరువాత పంటు మధ్యన నిలబడి, మా ఇంటివారి పేర్లను పెద్దల నుంచి పిన్నల వరకు గట్టిగా పిలిచేవారు. పిలిచిన ప్రతివారూ "ఆయ్" అనాలి. చివరి పేరు పలికిన తరువాతనే పంటు నడిపే సరంగు తాడు విప్పాలి. ఆ వరుసలో చివరి పేరు నాది. నా ముందరిది వరలక్ష్మి పేరు.

వరలక్ష్మి మా మేనత్త కూతురు, నాకంటె కొద్ది నెలలు పెద్దది. ఏటా తీర్థానికి తల్లీకూతుళ్లు మా ఊరు వచ్చి మా బండిలోనే ఎక్కేవారు. గూటి వెనుక అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, వెనుక బండి ఎడ్లకు వెక్కిరింపుగా నాలుక చూపడం దానికి ఇష్టం. మా ఇద్దరి గొంతులూ ఒక్కలాగే ఉండేవని, వంటింట్లోంచి పిలిచి ఎవరు పలికారో తెలియక మా మామ్మ విసుక్కునేది. నేను చెబుతున్న యాత్రకు ముందరి వర్షాకాలంలో జ్వరం వచ్చి వరలక్ష్మి చనిపోయింది.

అప్పటి నుంచి మా అత్త మాట్లాడలేదు. భర్త ఆమెను తీసుకువచ్చి పుట్టింట దింపారు. కలిపి పెడితే రెండు ముద్దలు తినేది, లేకుంటే లేదు. జుట్టు ఎవరైనా దువ్వితేనే. అన్నిటికీ మించి, చెరువుగట్టు మీదనో కాలువ రేవులోనో నీళ్లను చూస్తూ నిలబడిపోయేది. అందువల్ల మామ్మ ఎక్కడికి వెళ్లినా కూతురి కొంగును తన చేతికి చుట్టుకునే వెళ్లేది. అంతర్వేది స్వామికి మొక్కుకున్నారు. తీర్థంలో జరిగే స్వామి కళ్యాణానికి తీసుకువెళితే మనిషి కుదుటపడుతుందని పెద్దలందరి ఆశ.

ఆ యాత్రకు బయలుదేరే ముందే నా కాలి పిక్కలో సెగ్గడ్డ లేచింది. అమలాపురంలో డాక్టరుగారు దాన్ని కోసి, చీము తీసి, గాయంలో మందు తడిపిన గుడ్డవత్తి దూర్చి కట్టు కట్టారు. రోజూ వత్తి మార్చాలి, కాలు కింద పెట్టకూడదు, కట్టు తడవకూడదు అని మరీ మరీ చెప్పారు. మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లి ఉన్నది. నన్ను ఇంట్లో ఎవరి దగ్గర వదలాలి? బండిలో గడ్డి మరింత మందంగా పరిచి నన్ను పడుకోబెట్టారు.

"అమ్మాయిగారు మహారాణీగారండి. కాలు కింద పెట్టరండి. ఆరి వంతు కూడా మేమే నడుత్తామండి," అన్నాడు బండి తోలే వెంకన్న.

"ఎడ్ల మెడలోని గంట తీసి నీ నోటికి కట్టాల్రా వెంకన్నా," అంది మామ్మ.

"కట్టండమ్మగారూ. అప్పుడు ఎడ్లే నాకు దారి చెబుతాయి."

అందరూ నవ్వారు. మా అత్త నవ్వలేదు. ఆ మాటలు ఆమెకు వినబడ్డాయో లేదో.

రేవుకు చేరేసరికి తెల్లవారుతున్నది. మంచు నది మీదినుంచి లేచి ఒడ్డుకు పాకుతున్నది. పంటు మీదికి బండిని దింపేటప్పుడు కుదుపుకు నేను కేకలు పెడతానని, మామ్మ తువ్వాలు కొస మడిచి నా పళ్ల మధ్య పెట్టి, "గట్టిగా పట్టుకో అమ్మా, నేను తీసేదాకా వదలకు," అన్నది. చక్రం బల్లల మీద పడిన అదురుకు గాయం భగ్గుమన్నది. నేను కళ్లు మూసుకుని గుడ్డను కొరికి పట్టాను. అప్పుడు తాతగారు పేర్లు మొదలుపెట్టారు. ఒక్కొక్క పేరూ, ఒక్కొక్క ఆయ్. ఎన్నో ఏళ్లుగా ఒకే వరుసలో పలికిన నాలుక దాని దారిన అది పోయింది.

"వరలక్ష్మీ!"

పిలిచిన తరువాతనే ఆయనకు తెలిసింది. పంటు మీద ఎడ్లు తలలూపిన గంటల చప్పుడు తప్ప మరేమీ లేదు. అంతలో మా బండి గూటిలోంచి, నా తల వెనుక, దుప్పట్ల మూట ఉన్న వైపు నుంచి, "ఆయ్" అని వినిపించింది.

చిన్నపిల్ల గొంతు. చివరిగా పలికేది చిన్నపిల్లేనని ఎరిగిన సరంగు, వరుస అయిపోయిందనుకుని తాడు విప్పాడు. పంటు కదిలింది. నా పేరు ఎవరూ పిలవలేదు.

మా అత్త లేచింది. మామ్మ చేతిలోని కొంగును లాక్కుని, బళ్ల మధ్యగా వచ్చి, గూటి ముందరి చాప తొలగించి, నా తల మీద చెయ్యి వేసింది. "పలికేవా అమ్మా," అన్నది. వానాకాలం తరువాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. నేను తువ్వాలు తీసి, పలికింది నేను కాదని చెప్పబోయాను. ఆమె వెనుకనే వచ్చిన మామ్మ తల అడ్డంగా ఊపింది. మామ్మ కళ్లనిండా నీళ్లు. నేను ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి నా గాయం అత్త చేతుల్లోకి వెళ్లింది. మజిలీలో బండి విప్పగానే నీళ్లు కాచి, చల్లార్చి, పాత వత్తిని నెమ్మదిగా లాగి, కొత్తదాన్ని టించరులో తడిపి లోపలికి దోపేది. టించరు మంటకు నేను ఏడవబోతే, ఎడమ అరచెయ్యి నా నోటి మీద మృదువుగా ఉంచి, "అయిపోయింది వరా, అయిపోయింది," అనేది. ఆ చేతికి ఎప్పుడూ ఆ మందు వాసనే. తానే అన్నం కలిపి తినిపించి, మిగిలింది తాను తినేది. జుట్టు ముడి వేసుకున్నది. చూసినవారంతా స్వామి మహిమ అన్నారు. నాకు మాత్రం, ఆమె నా వెనుకకు, దుప్పట్ల మూట వైపుకు చూసి చిరునవ్వు నవ్వినప్పుడల్లా వీపు చల్లబడేది. తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలేది కాదు.

గాయం అడుగు నుంచి పూడుకొస్తున్నది. రోజురోజుకూ వత్తి పొట్టిదవుతున్నది. అందరూ సంతోషించారు, అత్త తప్ప. తీసిన వత్తిని వేలి మీద ఆనించి కొలత చూసుకుని, "అప్పుడే ఇంత తగ్గిపోయిందా," అని మొహం చిన్నది చేసుకునేది. నేను నడిస్తే మా అమ్మ దగ్గరకు వెళ్లిపోతానని ఆమెకు తెలుసు.

కళ్యాణం మర్నాడు సాయంత్రం గోదావరి సముద్రంలో కలిసే చోటికి అందరం వెళ్లాం. అత్త నన్ను చంకనెత్తుకున్నది. అక్కడి జనం తొక్కిడిలో మామ్మ చేతిలోంచి కొంగు జారింది. అత్త నేరుగా నీళ్లలోకి నడిచింది. పాదాలు, మోకాళ్లు, నడుము. ఆమె ఎవరితోనో మాట్లాడుతున్నది, నాతో కాదు. వెనుక మామ్మ కేకలు అలల్లో కలిసిపోతున్నాయి. నేను ఆమె మెడ పట్టుకుని బిగుసుకుపోయాను. అప్పుడొక అల వచ్చి నా మడమను తాకింది. అత్త ఆగింది. కిందికి చూసింది.

"అయ్యో, కట్టు తడుస్తుంది," అన్నది.

నా కాలిని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, అంతే తిన్నగా వెనుదిరిగి ఒడ్డుకు వచ్చింది. ఇసుకలో కూర్చుని కట్టు అంచులు తడిమి చూసి, పొడిగానే ఉన్నదని తెలుసుకుని, చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఏడ్చింది. కూతురు పోయిన నాటి నుంచి ఆమె ఏడవలేదని మామ్మ తరువాత చెప్పింది.

తిరుగు ప్రయాణంలో పాశర్లపూడి ఒడ్డున, బళ్లు ఎక్కించక ముందు, మామ్మ తాతగారిని చాటుకు పిలవడం నేను గూటిలోంచి విన్నాను.

"ఆ పేరు కూడా పిలవండి. మన పిల్ల పలుకుతుంది. పిలవకపోతే ఇది ఏమైపోతుందో నాకు భయంగా ఉందండి."

"అబద్ధపు హాజరు వేయించమంటావా నన్ను?" అన్నారు తాతగారు.

బళ్లు ఎక్కించారు. మధ్యాహ్నపు ఎండలో పంటు బల్లలు వేడెక్కి తారు వాసన వేస్తున్నాయి. ఈసారి నా నోట తువ్వాలు లేదు. అత్త నా పక్కనే, గూటిలో కూర్చుని ఉన్నది. పేర్లు ఒక్కొక్కటే గడిచి ఆ చోటికి వచ్చాయి. తాతగారు ఆగారు. ఒకే పొరపాటును రెండుసార్లు చేసే మనిషి కాదాయన. ఈసారి తెలిసే, స్పష్టంగా పిలిచారు.

"వరలక్ష్మీ!"

బయటనుంచి మామ్మ నా భుజం పొడిచింది. నేను నోరు తెరిచాను. అత్త అరచెయ్యి వచ్చి నా నోటిని మూసింది. టించరు వాసన. ఆమె వెనుకకు, దుప్పట్ల మూట వైపుకు తిరిగి, కొంతసేపు చెవి ఒగ్గి విన్నది. నేనూ విన్నాను. పంటు కింద నీళ్లు కదిలే చప్పుడు.

"లేదండి నాన్నగారూ," అన్నది అత్త.

 వెంకన్న తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. అప్పుడు తాతగారి నోట "అన్నపూర్ణా," అని నా పేరు వచ్చింది. అత్త చెయ్యి తీసింది. నేను "ఆయ్" అన్నాను. సరంగు తాడు విప్పాడు.

ఆ వేసవిలో అత్త మెట్టినింటికి వెళ్లింది. చాలాకాలం బతికింది. ఆ తరువాత ఎన్నడూ నన్ను నా పేరుతో తప్ప పిలవలేదు. ఆ మొదటి ఆయ్ సంగతి మా ఇద్దరి మధ్యా ఒక్కసారైనా రాలేదు. పలికింది నేనేనని అందరూ నమ్మారు. సెగ్గడ్డ జ్వరపు మగతలో పలికి మరిచిపోయి ఉంటానని మా అమ్మ అన్నది. పళ్ల మధ్య గుడ్డ ఉన్న పిల్ల అంత స్పష్టంగా ఎలా పలుకుతుందో నాకు ఈనాటికీ తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేను.

నేను ఉద్యోగరీత్యా రాజోలు చేరి అక్కడే స్థిరపడ్డాను. కట్టు మార్పించుకున్న ఆ రోజు మా తమ్ముడు నన్ను కారులో ఇంటికి తీసుకువెళ్లాడు. మేము తీర్థంలో ఉండగా పుట్టినవాడు కనుక వాడి పేరు ఆ వరుసలో లేదు. బోడసకుర్రు దగ్గర రేవు ఆనవాలు కూడా లేదు. వరిమడులు ఉండిన చోట రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే నీటి చక్రాల రొద. గూడుబళ్లు లేవు, పంటు లేదు. ఎవరు ఎక్కారో ఎవరు ఒడ్డున నిలిచిపోయారో అడిగే మనిషి లేడు. కారు వంతెన ఎక్కగానే వీపు మీది కుట్లు చురుక్కుమన్నాయి. పమిట చెంగు మడిచి పళ్ల మధ్య పెట్టుకున్నాను. ఆసుపత్రి మందు దానికీ అంటుకున్నది.

మనసులోనే, తాతగారి వరుసలోనే, పేర్లు పిలిచాను. అందరూ వెళ్లిపోయినవారే. వరలక్ష్మి పేరు దగ్గర, ఆ రోజు ఆయన ఆగినంతసేపూ ఆగాను. ఇన్నేళ్లూ నా భయం ఆ గొంతు మళ్లీ వినిపిస్తుందేమోనని. ఎవరూ పలకలేదు. కారు చక్రాలు వంతెన అతుకుల మీద టకటకమంటూ పోతున్నాయి, అంతే. ఆ నిశ్శబ్దం నాకు ఇంత కష్టంగా ఉంటుందని అనుకోలేదు.

తరువాతి పేరు నాది. దాన్ని నేను పిలవలేదు. మా ఇంటి నియమంలో ఎవరి పేరు వారు పిలుచుకోరు.

"అక్కా, నొప్పెడుతుందా? పలకవేం?" అన్నాడు తమ్ముడు, అద్దంలోంచి నన్ను చూస్తూ.

నోట గుడ్డ ఉన్నది. తల మాత్రం ఊపాను.