మునెమ్మ పేరు మీద ఎర్ర టమాటా

అరచేతిలో ఇమిడిపోయే కాగితం టమాటా అది. ఊదితే ఎగిరిపోతుంది. నిండు టమాటా బాక్సులు లారీలోకి అందించిన చేతులు నావి. ఆ బరువులు ఏ రోజువి ఆ రోజే మరిచిపోయాను. ఈ కాగితం ముక్కను మాత్రం ఆరో తరగతి నుంచీ మోస్తూనే ఉన్నాను. ఎక్కడ దించాలో తెలియలేదు. మా అమ్మకు చెప్పలేదు, మా ఆయనకు చెప్పలేదు. నేనేమో ఒక్క పూట నోరు మూసుకుని ఉండలేని దాన్ని! బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా, మా ఇంట్లో ఆ రోజు ఏం కూర వండామో వాళ్లు దిగేలోపు చెప్పేస్తాను. ఈ ఒక్క సంగతి మాత్రం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువేమో.

మాది పుంగనూరు దగ్గర పల్లె. మా నాయన టమాటా పండించి మదనపల్లె మార్కెట్టుకు తోలేవాడు. ఊళ్లో ఏడో తరగతి దాకా బడి ఉండేది. నేను ఆరుకు వచ్చిన ఏడు రెడ్డెప్ప సారు హెడ్మాస్టరుగా వచ్చాడు. వచ్చిన వారానికే ఆయనకు తెలిసిపోయింది, మాలో సగం మందికి చదవడం రాదని. వేరే సారయితే బెత్తం తెచ్చేవాడు. ఈయన రంగు డబ్బాలు తెచ్చాడు.

తరగతి వెనక గోడ మీద నిలువెత్తు టమాటా చెట్టు గీశాడు. పైన పెద్ద అక్షరాలతో "ఈ ఏడు మన బడి లక్ష్యం: అందరికీ చదవడం రావాలి" అని రాశాడు. చదవడం వచ్చిన వాళ్లకూ రాని వాళ్లకూ జతలు కట్టాడు. రాని వాళ్ల ఒక్కొక్కరి పేరు మీద ఒక కాగితం టమాటా కత్తిరించి చెట్టుకు అంటించాడు. అక్షరాలు సరిగ్గా రాకపోతే పచ్చ కాయ. కూడబలుక్కుని చదివితే దోర కాయ. గడగడా చదివితే ఎర్ర పండు. ఎర్రబడే దాకా వాళ్లు సాయంత్రం బెల్లు కొట్టినాక కూడా ఉండాలి. సారే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాడు, వేయించిన చెనక్కాయలు పెట్టి మరీ.

మరి రంగు ఎప్పుడు మార్చాలో ఎవరు చెప్పాలి? జతలో నేర్పే పిల్ల చెప్పాలి, "నా కాయ పండింది సార్" అని. అప్పుడు సారు ఒక్క పాఠం చదివించుకుని వినేవాడు. ఏ పాఠమో కూడా మేమే ఎంచుకోవచ్చు. అంత నమ్మాడు మమ్మల్ని.

"చెట్టంతా ఎర్రబడిన రోజు అందురినీ హార్సిలీ కొండకు తోడుకోని పోతాను" అన్నాడు.

ఆ ఏడు మా ఊరిని మీరు చూడాల్సింది! టమాటా కోస్తూ గుణింతాలు పాడేవాళ్లం. మార్కెట్టు నుంచి తిరిగొచ్చిన ఖాళీ బాక్సుల మీద రాసిన మండీ పేర్లు పోటీలు పడి చదివేవాళ్లం. ఒకడు సుద్దముక్కతో వాళ్ల బర్రె వీపు మీద 'అ ఆ'లు రాసి, అది పోయి మడుగులో పడుకుంటే ఏడ్చాడు. చదువంటే ఇంత ఆటగా ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. వారానికొక కాయ, పది రోజులకొక కాయ ఎర్రబడుతూ వచ్చింది. పండిన ప్రతిసారీ బల్లలు బద్దలయ్యేలా కొట్టేవాళ్లం.

నా జత మునెమ్మ. గొర్రెలు మేపేవాళ్ల బిడ్డ. రెండు రోజులు బడికొస్తే రెండు రోజులు గొర్రెల వెంట పోయేది. దాని చెవులు ఏం చెవులో! ఒక్కసారి వింటే చాలు, మాట మాటా అప్పజెప్పేది. అరుపు విని అది ఏ గొర్రెపిల్లో చెప్పేది. సారు దగ్గు కూడా అచ్చం సారు దగ్గినట్టే దగ్గేది, మేము పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వలేక చచ్చేవాళ్లం. కానీ అక్షరాల దగ్గర మాత్రం ఆగిపోయేది. ఒత్తులు కనబడితే చాలు, కంపలో చిక్కుకున్న గొర్రెలాగా ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. దానికి కావలసింది రోజూ కాస్త ఓపిక. సారు దగ్గర అది ఉండేది. నా దగ్గర లేదు.

చివరికి చెట్టంతా ఎర్రగా అయింది, ఒక్క కాయ తప్ప. తరగతంతా నన్నే చూసేవాళ్లు. "ఏమ్మే, ఇంగా మాగలేదా మీ కాయ?" అని ఎగతాళి చేసేవాళ్లు. కొండ నా కళ్ల ముందే ఉంది, ఈ పిల్ల వల్ల ఎక్కలేకపోతున్నాను అనిపించింది. ఆ రోజే మునెమ్మను బడి వెనక కొళాయి దగ్గరికి లాక్కుపోయాను.

"ఈ తేనెటీగల పాఠం నేను సదువుతా, నువ్వు యిను. రేపు సారు ముందర అట్లే సెప్పెయ్."

"అది సదివినట్లవుతాదా మే?"

"యాల కాదు? నోట్లోనించి వస్తే సాలు గదా."

"మరి పేజీ యాడ తిప్పల్ల?"

"'గూడు' అని వస్తానే తిప్పు. వేలు మాత్రం అచ్చరాల మింద జరుపుకుంటా పో. ఆఁ, ఇంగొకటి. 'పుప్పొడి' కాడ రోంత తడబడు."

"బాగా వచ్చేదాని కాడ తడబడేదేంది మే?"

"మరీ నున్నగా సెప్తే నమ్మరు. మా నాయన బాక్సు పైవరసలో ఒక మచ్చకాయ పెడతాడే, అట్ల."

అది పకపకా నవ్వింది. నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆగింది.

"నాకింగా రాదు మే. ఎర్రకాయ అంటిస్తే సారు సాయంత్రం నన్ను ఉండనీడు గదా?"

అప్పుడు నేనేమన్నానో ఒక్క అక్షరం మరిచిపోలేదు. "మద్రాసు లారీకి ఎర్రకాయలు కోస్తారా మే? దోరకాయలే గదా కోసేది. దావలో అవే మాగిపోతాయి. కొండకు పొయ్యొచ్చేసినాక నేనే నేర్పిస్తా. నా మింద ఒట్టు."

నమ్మింది. నేను కూడా నమ్మానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నది అదే. దూరం పోయే లారీకి దోర కాయ కోయడం మా ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అయితే ఇంకొకటి కూడా తెలుసు. పసరు కాయ కోస్తే అది ఎంత దూరం పోయినా మాగదు, ముడతలు పడి వాడిపోతుంది. మునెమ్మ అప్పటికి దోర కాయ కాదు, పసరు కాయ. అది నాకు తెలియదా? తెలుసు. తెలిసే ఒట్టు వేశాను.

మర్నాడు మునెమ్మ లేచి నిలబడింది. వేలు జరుపుతూ, 'గూడు' దగ్గర పేజీ తిప్పుతూ, 'పుప్పొడి' దగ్గర "పు... పుప్... పుప్పొడి" అని ముద్దుగా తడబడుతూ పాఠమంతా చెప్పేసింది. తన సాయంత్రాలు ఫలించాయనుకుని సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎర్ర కాగితం టమాటా నా చేతికే ఇచ్చి, నన్నే అంటించమన్నాడు. అంటించాను. బల్లలు దద్దరిల్లిపోయాయి.

కొండకు పోయిన రోజును ఎంత తప్పు పట్టాలనుకున్నా నావల్ల కాదు. మలుపు మలుపుకూ బస్సులో అరుపులు, నీలగిరి చెట్ల వాసన, చలికి పళ్లు టకటకలాడుతుంటే ఆకుల మీద చిత్రాన్నం. మునెమ్మ కొండ అంచున నిలబడి గొర్రెలను పిలిచినట్టు కిందికి కేక వేసింది. "మా గొర్రెలన్నీ ఈడికే వచ్చేస్తాయి సూడు" అంది. సారు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడున్నానో గుర్తు లేదు. తప్పు చేసి కూడా అంత సంతోషపడొచ్చా? పడ్డాను. అబద్ధం చెప్పను.

ఆ తర్వాత మండలం నుంచి పెద్ద సారు వచ్చి గోడ చూసి, ఇలాంటి బడి ఇంకోటి లేదని మెచ్చుకుని పోయాడు. చెట్టంతా పండింది కాబట్టి సాయంత్రం చదువు ఆగిపోయింది. అవును, అదే. నేను అంటించిన ఆ ఒక్క పండుతోనే ఆగిపోయింది. మునెమ్మ నన్ను అడిగింది. రేపు అన్నాను. మళ్లీ అడిగింది. కోతలు అయిపోనీ అన్నాను. తర్వాత అడగడం మానేసింది. నాకు హాయిగా అనిపించింది. దాచుకోకుండా చెబుతున్నాను, హాయిగానే అనిపించింది.

మరుసటేడు ఏడో తరగతి కామన్ పరీక్షలో అది తెల్ల కాగితం ఇచ్చి వచ్చింది. నోటితో అడిగితే అన్నీ చెప్పే పిల్ల! సారుకు అర్థం కాలేదు. మా అందరి ముందూ పిలిచి, "ఎర్రగా మాగిన బిడ్డవి గదమ్మా, ఏమైపోయె?" అని మెల్లగా అడిగాడు. మునెమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "బయమేసింది సార్" అంది. నేను నేల చూశాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అని ఉంటే సారు ఆ సాయంత్రమే దాన్ని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నాకు తెలుసు ఆయన సంగతి. కానీ నేను చెప్పలేదు. కాగితం అంటించినది పిల్లచేష్ట అనుకుందాం. నోరు మూసుకుని నేల చూసినది ఏమనుకోవాలి?

మునెమ్మ గొర్రెల వెంట పోయింది. దాన్ని కుప్పం పక్కన ఇచ్చారు. నేను పది దాకా లాగి, పెళ్లయ్యాక మదనపల్లెలో చీరల అంగట్లో పనికి కుదిరాను. ఈమధ్య మా చిన్నాయన కూతురి సీమంతానికని కుప్పం పోయి తిరిగొస్తుంటే, బస్టాండులో వీపు మీద ఒక దెబ్బ పడింది.

"ఏమ్మే, కండ్లు కనబడవా నీకు?"

మునెమ్మే! పక్కన యూనిఫారం వేసుకున్న కూతురు, ఈ ఏడే బడిలో చేరిందట. ఇద్దరం నలుగురూ చూసేలా కావలించుకున్నాం. మాటల్లో నేను బోర్డు చూసి నా బస్సు వెతకబోతే అది నవ్వింది.

"బోర్డుతో ఏం పని మే? కండక్టరు తెలుగులో తిడితే పలమనేరు, అరవంలో తిడితే క్రిష్ణగిరి, కన్నడంలో తిడితే కోలారు. ఒక దినమన్నా తప్పు బస్సెక్కలా నేను."

నవ్వాను.

"మీయమ్మ కూడా సదివినాది, యినుకో" అని అది కూతురి ముందు చేతులు పుస్తకంలాగా పట్టుకుని తేనెటీగల పాఠం మొదలుపెట్టింది. మొత్తం. ఒక్క మాట పోలేదు. 'గూడు' దగ్గర లేని పేజీ తిప్పింది. "పు... పుప్... పుప్పొడి" అంది. నేను నేర్పిన తడబాటు. అబద్ధం నిజంలా కనబడాలని నేను పెట్టిన మచ్చకాయ. ఇన్నేళ్లూ దాన్ని కూడా పాఠంలో భాగమనుకుని భద్రంగా దాచుకుంది. పాప చప్పట్లు కొట్టింది. వేరుశనగలు అమ్మే ఆమె కూడా కొట్టింది.

"నాది మట్టితలే మే. నువ్వెంత నేర్పించినా ఎక్కలా. ఈ బిడ్డకన్నా నీ మాదిరి తల వస్తే సాలు."

నీ తల మట్టితల కాదు మే, అనబోయాను. కండక్టరు తెలుగులో తిట్టాడు. "అదో, నీ బస్సే, పరిగెత్తు!" అంది. పరిగెత్తాను. మళ్లీ పరిగెత్తాను.

అందుకే ఈ రాత. మునెమ్మకు చదువు రాక కాదు. నేను నేర్పలేదు. నేర్పించే సారు నుంచి దాన్ని తప్పించాను, ఒక్క రోజు కొండ ఎక్కడానికి. అదీ సంగతి. రాసేశాను. రొమ్ములో నుంచి ఏదో దిగిపోయినట్టుంది.

దీన్ని చదవాల్సిన మనిషి ఒక్కతే. ఆమెకు చదవడం రాదు, నా పుణ్యమే. కాబట్టి కుప్పం పోయి, ఎదురుగా కూర్చుని, నేనే పైకి చదివి వినిపించాలి. భయమేస్తోంది. దాని చెవులు నాకు తెలుసు కదా! ఒక్కసారి వింటే చాలు, మాట పొల్లుపోకుండా అప్పజెబుతుంది. కూతురికి, వేరుశనగలు అమ్మే ఆమెకు, మూడు భాషల కండక్టర్లకు, కుప్పం బస్టాండు మొత్తానికి. నేను ఎక్కడ తడబడతానో అక్కడ తనూ తడబడి మరీ చెబుతుంది.

చెప్పనీ.