సబ్బుల సెల్విన్ పెట్టిన హామ్

గురువారం పదిన్నరకి టీ తాగుదామని సబ్బుల ఫ్యాక్టరీ క్యాంటీన్ తలుపు తోసిన హెట్టీ డగ్‌డేల్ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. బల్లలన్నిటి మీదా తెల్ల దుప్పట్లు పరిచి ఉన్నాయి. పళ్ళేల నిండా ఉప్పులో ఊరేసి, సన్నగా కోసి పేర్చిన పందిమాంసం, అదే హామ్, పక్కన వెన్న రాసిన రొట్టె, ఊరవేసిన ఉల్లిపాయలు.

"అయ్యో దేవుడా! ఎవరు పోయారక్కా?" అంది వెనకాలే వచ్చిన మేవిస్. ఆమె ప్యాకింగులో పనిచేస్తుంది.

మరి అడగదూ! క్రాష్‌లీ ఊళ్ళో ఆదివారం పూట ఇంట్లో రెండు హామ్ ముక్కలు తింటే తినొచ్చు గాక, తెల్ల దుప్పటి పరిచి వందమందికి పెట్టారంటే అది చావుభోజనమే. "హామ్ పెట్టి సాగనంపారు" అనిపించుకోవడం కంటే పెద్ద గౌరవం ఇంగ్లండులోని ఆ లాంకషైర్ వీధుల్లో లేదు. పెట్టలేకపోయినవాళ్ళు ఏళ్ళ తరబడి తలొంచుకు తిరగాల్సిందే.

కానీ పోయినవాళ్ళెవరు? పొద్దున గేటు దగ్గర అందరూ కనబడ్డారు. దారిలో ఎవరింటి కిటికీకీ, చావింట్లో మూసినట్టు, కర్టెన్లు మూసి లేవు.

"పోయింది మనిషి కాదే," అంది హెట్టీ. "ఫ్యాక్టరీ. సెల్విన్ అమ్మేశాడు."

ఆ వారంలో నల్ల కారొకటి మూడుసార్లు వచ్చింది. తోలు సంచులు పట్టుకున్న పెద్దమనుషులు దిగి, ఓనరు గదిలో దూరి తలుపేసుకున్నారు. అంతా చూశారు, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఇప్పుడు హామ్ చూడగానే అందరికీ అర్థమైపోయింది.

ఫ్యాక్టరీ ఓనరు సెల్విన్ ఎంట్విసిల్ ఆ ఊరికి పెద్దమనిషి కావచ్చు, హెట్టీకి మాత్రం పక్కింటి చీమిడిముక్కు కుర్రాడు. ఆమె కంటే రెండేళ్ళు చిన్న. వాళ్ళమ్మ ఊరందరి బట్టలూ ఉతికి ఉతికి, నెమ్ము చేరి పోయింది. అప్పటికి వాడికి పద్నాలుగేళ్ళు, తండ్రి లేడు. పాతిపెట్టే ఖర్చు చర్చి పెట్టుకుంది. వచ్చినవాళ్ళకి వాడు పెట్టగలిగింది పాలు లేని టీ, వెన్నకి బదులు చవక మార్గరిన్ రాసిన రొట్టె. "రొట్టెముక్కతో సాగనంపాడమ్మా తల్లిని!" అని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది. ఛీ, ఏం మనుషులో! పసివాడి దగ్గర ఏముందని?

తల్లి బట్టలు ఉడకేసిన రాగి కాగులోనే వాడు సబ్బు కాచడం మొదలుపెట్టాడు. మొదటి ముక్కతో రుద్దుకుంటే హెట్టీ చేతుల తోలు లేచొచ్చింది. "ఒరే, ఇది సబ్బా, విషమా?" అని వాడి మీదకే విసిరికొట్టింది. వాడు కిక్కురుమనకుండా వెళ్ళి, మర్నాడు ఇంకో ముక్క పట్టుకొచ్చాడు. తొమ్మిదో ముక్కకి చేతులు మండలేదు. ఆ రోజే ఆమె పనిలో చేరింది. తోపుడుబండి పోయి షెడ్డు వచ్చింది, షెడ్డు పోయి పొగగొట్టం వచ్చింది, యుద్ధం వచ్చేసరికి దేశంలో సగం ఆసుపత్రులు వాడి సబ్బే వాడాయి.

డబ్బుతో పాటు వాడికి తిక్క కూడా వచ్చిందనుకుంది ఊరు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మిల్లు ఓనర్లున్న ఊరాయె! వీడేమో మేడ కట్టుకోకుండా, ఆడవాళ్ళు వేణ్ణీళ్ళతో బట్టలుతుక్కోవడానికి పెద్ద హాలు కట్టించాడు. ఛాతీ జబ్బు పిల్లల కోసం సముద్రం ఒడ్డున ఆసుపత్రి పెట్టాడు. లండన్ నుంచి బిరుదిస్తామని ఉత్తరం వస్తే తీరిక లేదని రాసి పంపాడు. పెళ్ళి మాటెత్తితే, "ఈ సబ్బు కంపు ఎవత్తె భరిస్తుంది?" అనేవాడు.

అలాంటివాడు అమ్మేస్తాడా!

నూట నలభైమందీ లోపలికి చేరాక సెల్విన్ వచ్చాడు. చర్చికి వేసుకెళ్ళే ఆదివారం సూటు వేసుకున్నాడు. అది ఒంటిమీద వేలాడుతోంది.

"ఏరా సెల్విన్!" హెట్టీ ఎదురెళ్ళింది. "మా నోట్లో మట్టి కొట్టి, పైగా చావుకూడు పెడతావా?"

"హెట్టీ, ముందు కూర్చో."

"కూర్చోను! నలభై నాలుగేళ్ళు నీ కాగుల ముందు ఉడికి చచ్చాను. అమ్ముకునే ముందు ఒక్క మాట చెప్పబుద్ధి కాలేదా? అసలు నువ్వు మాకేమవుతావురా? ఎవడివి? నీ పనీ వద్దు, నీ మొహమూ వద్దు!" ఏప్రన్ విప్పి హామ్ పళ్ళెంలోకి విసిరేసింది.

సెల్విన్ నిర్ఘాంతపోయాడు. బల్లలకేసి చూశాడు, జనంకేసి చూశాడు.

"అమ్మానని ఎవరన్నారు?"

"హామ్ పెట్టావుగా అయ్యా, ఇంకొకళ్ళు చెప్పాలా?" అంది మేవిస్.

"ఓరి నాయనో, అలా అనుకున్నారా!" నవ్వబోతే దగ్గు తెర ముంచుకొచ్చింది. అది తగ్గేదాకా కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మలేదర్రా. మీ అందరి పేరా రాసేశాను. రేపట్నుంచి ఇక్కడ పనిచేసేవాళ్ళే దీనికి ఓనర్లు. ఎవరూ అమ్మడానికి వీల్లేకుండా రాయించాను. కారులో వచ్చింది ప్లీడర్లు."

మేవిస్ ఉన్నచోటే చతికిలబడింది.

హెట్టీ పళ్ళేలకేసి చెయ్యి చూపించింది. "మరి ఈ హామ్ ఎందుకురా?"

"మూడోసారి వచ్చినవాడు డాక్టరు. నేను ఈస్టర్ పండగ దాటనన్నాడు. ఈ హామ్ నాదే."

ఆ మాట తలకెక్కడానికి ఎవరికైనా కాస్త సమయం పడుతుంది. బతికున్న మనిషి, సూటు వేసుకుని, తన చావుభోజనం తనే పెట్టడమా!

"పోయాక పెడితే మీరు తిన్నారో లేదో నాకేం తెలుస్తుంది?" అన్నాడు సెల్విన్. "మా అమ్మకెటూ పెట్టలేకపోయాను. తినండర్రా, చూస్తాను."

ఎవరూ కదల్లేదు. హెట్టీ పళ్ళెంలోంచి ఏప్రన్ తీసేసి, దాని కిందున్న ముక్కే నోట్లో పెట్టుకుంది. మింగుడు పడటానికి చాలాసేపు పట్టింది.

"గుడ్లప్పగించి చూస్తారేం?" అని అరిచింది. "వాడు చూస్తానంటుంటే! తినండి!"

తిన్నారు. పళ్ళేలన్నీ ఖాళీ చేశారు. సెల్విన్ బల్లబల్లకీ వెళ్ళి కొసరి కొసరి వడ్డించాడు.

చావుభోజనం అయ్యాక, పోయినవాళ్ళ తాలూకు మనిషి తలుపు దగ్గర నిలబడాలి. వెళ్ళేవాళ్ళు ఆ చేయి పట్టుకుని ఓదార్చి వెళ్ళాలి. జనం లేచారు గానీ, తలుపు దగ్గరెవరూ లేరు. ఎటు పోవాలో తోచక నిలబడిపోయారు.

"హెట్టీ," అన్నాడు సెల్విన్, "నువ్వు నిలబడవూ?"

"నేనా? ఇప్పుడే కదరా, అందరి ముందూ నువ్వెవడివని అడిగాను!"

"అడిగావు. నాకింకెవరున్నారు?"

ఆమె వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. మొదట మేవిస్ వచ్చింది. "ధైర్యం తెచ్చుకో అక్కా, బంగారం లాంటి మనిషి," అని చేయి పట్టుకుంది. తరవాత ఇంకొకరు, ఇంకొకరు. పది అడుగుల దూరంలో సెల్విన్ టీ తాగుతూ అందరి మాటలూ వింటున్నాడు. హెట్టీ తలూపుతూనే ఉంది. ముప్ఫయ్యో మనిషో, నలభయ్యో మనిషో చేయి పట్టుకున్నప్పుడు ఆమె నోట ఒక మాట వచ్చింది.

"మా తమ్ముడు," అంది.

సెల్విన్ కప్పు కింద పెట్టి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.