అరవై మూడో గుంట

1946 జూన్, సోమవారం. హాజరు: ప్రెసిడెంటు గారు, బెజవాడ బట్టల షావుకారు, పంచాయతీ గుమాస్తానైన నేను.

ఆ రోజుల్లో, డైరీలో ఇలా హాజరు రాసుకోనిదే ఏదైనా జరిగిందంటే నాకు నమ్మకం కుదిరేది కాదు. పామర్రు పక్కనున్న మా ఊరికి మగ్గాలు రప్పించాలని ప్రెసిడెంటు గారు ఒక తీర్మానం చేయించారు. కొత్త మగ్గం పెట్టిన ఇంటికి మూడేళ్ళు ఇంటిపన్ను ఉండదు. యాభై మగ్గాలు పడితే నూలు తెచ్చి ఊళ్ళో కొట్టు తెరుస్తానని షావుకారు మాటిచ్చాడు. కొట్టు వస్తే దాని పన్నుతో నా ఉద్యోగం ఖాయం. రాకపోతే పన్నూ ఉండదు, అందులోంచి రావలసిన నా జీతమూ ఉండదు.

అయితే పన్ను రాయితీ కోసం ఒకే మగ్గాన్ని ఇంటింటికీ మోసి చూపిస్తే? (నా అతితెలివి ఇక్కడే మొదలైంది.) నేతగాడు కాళ్ళు దించి కూర్చునే గుంటను ఎవరూ మోసుకురాలేరు కాబట్టి గుంటను చూసి రాయితీ ఇద్దామన్నాను. ప్రెసిడెంటు గారు నా భుజం తట్టారు. నెల తిరక్కుండా గుంటలు అరవై రెండయ్యాయి. కంసాలి ఇంట్లో ఒకటి, పురోహితుడి ఇంట్లో ఒకటి, చర్చి ఉపదేశి ఇంట్లో ఒకటి. అన్నిటినీ అడుగుబద్దతో కొలిచి, నంబర్లు వేసి, గర్వంగా రిజిస్టరు నింపాను.

షావుకారు వచ్చేసరికి కాలవలు వదిలారు. మా పల్లపు ఊళ్ళో గుంటలన్నిటా నీరు ఊరింది. ఉపదేశి గారి ముందుగదిలో రెండు బాతులు ఈదుతున్నాయి. షావుకారు వాటినే కాసేపు చూశాడు.

“మగ్గాలెక్కడ బాబూ?”

“గుంటలు సిద్ధంగా ఉన్నాయండి.”

“గుంటలు నేస్తాయా?”

ఉపదేశి గారు కల్పించుకున్నారు. “నూలు మీరు తెస్తానన్నారు గదండీ. మీరు కొట్టు తెరిచాక మగ్గం కొందామని ఆగాం.”

షావుకారు మరో ఇల్లు చూడకుండా బస్సెక్కాడు. ప్రెసిడెంటు గారు ఆఫీసు గుమ్మంలో ఆగి, “రాయితీ రద్దోయ్. రేపట్నించి ఆ గుంటలన్నీ నువ్వే పూడ్పించి పన్ను వసూలు చెయ్యి” అన్నారు. ఆ పని తెమలడానికి ఏళ్ళు పట్టింది. ఆ విధంగా నా ఉద్యోగం ఖాయమైంది.

రాయితీ రద్దయిన మర్నాడు పొద్దున్నే లేచేసరికి మా ముందుగదిలో కూలివాడు నడుం లోతున నిలబడి తవ్వుతున్నాడు. అమ్మ పక్కనే ఉంది. “ఊరందరికీ రాసిపెట్టావు, మనల్ని మరిచిపోయావు. మనకీ ఒక నంబరు వెయ్యి నాయనా.”

రద్దయిందని చెప్పాలి. కానీ చెయ్యి అప్పటికే అలవాటుగా అడుగుబద్దను అందుకుంది. లోతు రెండున్నర అడుగులు అని డైరీలో ఉంది, రద్దయిన మాట లేదు. మా ఇల్లు మెరక మీద ఉండబట్టి అందులో నీరు ఊరలేదు. ఏటా వేసవిలో అమ్మ అందులో గడ్డి పరిచి మామిడికాయలు మాగేసేది. ఆ తీర్మానాన్ని నమ్మి మా ఊళ్ళో పెట్టిన పెట్టుబడుల్లో గిట్టుబాటైంది అదొక్కటే.